108 నుంచి గల్ఫ్ అంబులెన్స్‌కు: ఈఎంటీ కాగితాలు సిద్ధం చేసుకునే పద్ధతి

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు 108లో పనిచేసే ఈఎంటీలకు (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్లకు), ప్రైవేటు ఆసుపత్రుల క్యాజువాలిటీలో ఉండే టెక్నీషియన్లకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. దుబాయ్‌లోనో రియాద్‌లోనో అంబులెన్స్ ఉద్యోగం ఉంది, పాస్‌పోర్ట్ కాపీతో పాటు అడ్వాన్సు పంపండి, మిగతా పనులన్నీ మేం చూసుకుంటాం అంటారు. ఆ మిగతా పనుల్లో ముఖ్యమైనవి వాళ్ల చేతిలో లేవు. మీ సర్టిఫికెట్ ఏ కోవకు వస్తుందో తేల్చేది ఆ దేశపు లైసెన్సింగ్ సంస్థ. ఆ సర్టిఫికెట్ నిజమైనదని చెప్పాల్సింది దాన్ని ఇచ్చిన యూనివర్సిటీ, బోర్డు, ఆసుపత్రి. ఏజెంటు ఈ రెండింటి మధ్య ఫారాలు నింపి పెట్టగలడు, అంతే. అందుకే ఈ పనికి ఒక వరుస ఉంది. అది తప్పితే పైసలూ పోతాయి, ఏడాదీ పోతుంది.

ముందు మీ చదువు ఏ కోవకు వస్తుందో తేల్చుకోండి

108లో చేరేవాళ్లు రకరకాల చదువులతో వస్తారు. బీజడ్‌సీతో బీఎస్సీ చేసినవాళ్లున్నారు, ఫార్మసీ, జీఎన్ఎం, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసినవాళ్లున్నారు. 108 నడిపే సంస్థ శిక్షణ ఇచ్చి బండెక్కిస్తుంది. ఇక్కడ మనందరి హోదా ఒకటే, ఈఎంటీ. అక్కడ మాత్రం మొదట అడిగేది హోదా కాదు, ఏ కోర్సు చదివారు, ఎన్నేళ్లు చదివారు, ఏ యూనివర్సిటీ లేదా బోర్డు పట్టా ఇచ్చింది అని.

ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీలో డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉన్నవాళ్లకు దారి నేరుగా ఉంటుంది. సౌదీలో సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్ డిప్లొమా చేసినవాళ్లను టెక్నీషియన్‌గానూ, బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవాళ్లను స్పెషలిస్టుగానూ వర్గీకరిస్తుంది. జీతం, చేయనిచ్చే పని రెండూ ఈ వర్గాన్ని బట్టే ఉంటాయి.

నర్సింగ్ చదివి ఈఎంటీగా చేస్తున్నవాళ్లు ఒక విషయంలో జాగ్రత్తపడాలి. నర్సుగా వెళ్లే దారి మీకు చాలా వెడల్పుగా ఉంది, కానీ నర్సు లైసెన్సుకు నర్సుగా చేసిన అనుభవమే అడుగుతారు. 108లో ఈఎంటీ హోదాతో చేసిన సర్వీసు ఆ లెక్కలోకి వస్తుందని నమ్ముకోవద్దు. గల్ఫ్ ఆలోచన గట్టిగా ఉంటే ఏదైనా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో స్టాఫ్ నర్సుగా చేరి రెండేళ్లు పూర్తి చేయడం మేలు. తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు కూడా చూసుకోండి.

ఇక బీజడ్‌సీ డిగ్రీ, దాని మీద సంస్థ ఇచ్చిన శిక్షణ మాత్రమే ఉన్నవాళ్లు. మన జిల్లాల్లో ఎక్కువ మంది మీరే, కష్టం కూడా మీకే ఎక్కువ. 65వ నంబరు హైవే మీద ఎన్ని యాక్సిడెంట్ కేసులు చూసినా, బండిలో ఎన్ని కాన్పులు చేసినా, సంస్థ శిక్షణ సర్టిఫికెట్‌ను చాలా దేశాలు వృత్తి విద్యార్హతగా తీసుకోవు. ఇది మీ పనితనం మీద తీర్పు కాదు. వాళ్ల నిబంధనల్లో ఆ గడి లేదు, అంతే. మీ ముందున్నవి రెండు దారులు. గుర్తింపు ఉన్న ఎమర్జెన్సీ టెక్నాలజీ కోర్సు రెగ్యులర్‌గా పూర్తి చేయడం ఒకటి, తక్కువ స్థాయి ఈఎంటీ వర్గానికి అర్హత దొరికే దేశం ఉందేమో నిబంధనల పుస్తకంలో వెతుక్కోవడం రెండోది. యూఏఈ దేశం మొత్తానికి ఒకే అర్హతల పుస్తకం పెట్టింది, దాన్ని పీక్యూఆర్ అంటారు. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈఎంటీ, పారామెడిక్ పేర్లు వెతికి ఏ చదువు, ఎన్నేళ్ల అనుభవం, పరీక్ష ఉందా లేదా అన్నది మీరే చదవండి. ఒక సాయంత్రం పని ఇది. దీన్ని వదిలేసి ఏజెంటు నోటిమాట నమ్మొద్దు.

పాత తేదీలతో ఈఎంటీ డిప్లొమా ఇప్పిస్తామని చెప్పేవాళ్లు తగులుతారు. వాళ్ల మాట అక్కడే ఆపేయండి. డబ్బిచ్చి కొన్న సర్టిఫికెట్ ధ్రువీకరణలో దొరికితే ఆ నెగెటివ్ రిపోర్టు ఆ ఒక్క దరఖాస్తుతో పోదు. తర్వాత నిజమైన కోర్సు చేసినా ఆ మచ్చ మీ వెంటే వస్తుంది.

రిజిస్ట్రేషన్ సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. మన దగ్గర డిప్లొమా కోర్సులకు తెలంగాణ పారామెడికల్ బోర్డు ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును, అంటే పారామెడిక్‌ను, గుర్తింపు ఉన్న వృత్తుల జాబితాలో చేర్చింది. బయటి దేశం గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ అడిగినప్పుడు ఇచ్చేది మీరు రిజిస్టరైన బోర్డో కౌన్సిలో. మీ మీద క్రమశిక్షణ చర్యలేవీ లేవని చెప్పే కాగితం అది. రిజిస్ట్రేషన్ చేయించుకోకుండా ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు ముందు ఆ పని ముగించండి. గుడ్ స్టాండింగ్ మాత్రం తొందరపడి తీసుకోకండి, దానికి కొన్ని నెలల గడువే ఉంటుంది. మిగతావన్నీ సిద్ధమయ్యాక తీసుకోవాలి.

పేరు అన్నిచోట్లా ఒకటే ఉండాలి

మన దగ్గర ఎక్కువ దరఖాస్తులు ఆగేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో 'బి. శ్రీనివాస్', డిగ్రీలో 'బొల్లెపల్లి శ్రీనివాస్', పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా 'శ్రీనివాస్' ఒక్కటే, ఎక్స్‌పీరియెన్స్ లెటర్‌లో 'శ్రీనివాసులు బి'. ఊళ్లో అందరికీ ఒకే మనిషి. ఫైలు చూసేవాడికి నలుగురు.

పదో తరగతి మెమోను ఆధారం చేసుకోండి. అందులో తప్పు అక్షరమో తప్పు పుట్టిన తేదీయో ఉంటే చదివిన బడి హెడ్మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల డైరెక్టరేట్‌కు దరఖాస్తు పెట్టాలి. ఇది నెలలు పట్టే పని, కాబట్టి అన్నింటికన్నా ముందు మొదలుపెట్టండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే రీ-ఇష్యూకు వెళ్లి ఇంటిపేరు విడదీసి రాయించుకోండి. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను యూఏఈ 2022 నవంబరు నుంచి రానివ్వడం లేదు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్న అక్కచెల్లెళ్లు పెళ్లి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి. ఇంకా పాస్‌పోర్టులో మార్చకపోతే, లైసెన్సు పని పూర్తయ్యేదాకా పాత పేరుతోనే ఉండటం తేలిక.

పొడి అక్షరానికి, పూర్తి ఇంటిపేరుకు తేడా మాత్రమే ఉంటే రెండూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ సరిపోవచ్చు. పుట్టిన తేదీలో తేడా ఉంటే అఫిడవిట్‌తో పని జరగదు.

పట్టా ఇచ్చింది ఎవరు

ధ్రువీకరణ ఫారంలో పట్టా ఇచ్చిన సంస్థ పేరు రాయాలి. తప్పు సంస్థను రాస్తే ఉత్తరం తప్పు ఆఫీసుకు పోతుంది, ఆ ఆఫీసు మీ పేరు మా రికార్డులో లేదంటుంది.

మన ప్రాంతంలో ఇందులో పొరపాటు పడటానికి కారణాలున్నాయి. నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. కాలేజీ భవనం అదే, లెక్చరర్లూ వాళ్లే, కానీ అంతకుముందు చేరినవాళ్ల పట్టా ఉస్మానియాది. నర్సింగ్, ఇతర ఆరోగ్య కోర్సులదీ అదే తీరు. రాష్ట్రం విడిపోకముందు చదివినవాళ్ల పట్టా విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీది, తర్వాతి బ్యాచ్‌లది వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీది. 2014 జూన్ 2కు ముందు డిప్లొమా తీసుకున్నవాళ్ల కాగితం మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డు పేరుంటుంది. సర్టిఫికెట్ మీద పైన అచ్చయిన పేరును ఉన్నదున్నట్టు రాయండి. కాలేజీ ఏ ఊళ్లో ఉంది అన్నదాన్ని బట్టి రాయకండి.

కాన్వొకేషన్ పట్టా తీసుకోకుండా ప్రొవిజనల్‌తోనే బండి లాగిస్తున్నవాళ్లు చాలా మంది. ప్రొవిజనల్‌తో దరఖాస్తు మధ్యలో ఆగుతుంది. అసలు పట్టా, అన్ని సెమిస్టర్ల లేదా సంవత్సరాల మెమోలు, ఇంటర్న్‌షిప్ ఉంటే దాని సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పేరుతో కాలేజీ ఒరిజినళ్లు పట్టుకుని ఉంటే ఇప్పుడే తేల్చుకోండి. వీసా చేతికొచ్చాక వెళ్తే బేరం వాళ్ల చేతిలో ఉంటుంది.

స్కాన్లు ఫోన్‌తో తీసిన ఫోటోలు కాకూడదు. 300 డీపీఐలో, రంగుల్లో, కాగితం నాలుగు అంచులూ కనిపించేలా, వెనకవైపు ముద్రలుంటే రెండు పక్కలా తీయించండి. లామినేషన్ చేసిన పట్టా మెరుపులో అక్షరాలు పోతాయి, పైగా అటెస్టేషన్ ముద్ర దాని మీద పడదు. లామినేట్ చేసి ఉంటే డూప్లికేట్‌కు దరఖాస్తు పెట్టాల్సి రావచ్చు.

ఎక్స్‌పీరియెన్స్ లెటర్: ఒక్కో గీత చూసుకోండి

గల్ఫ్ దేశాలు ఎక్కువగా డేటాఫ్లో అనే సంస్థతో సర్టిఫికెట్లు ధ్రువీకరించుకుంటాయి. ఆ సంస్థ మీ లెటర్‌ను, దాని మీద ఉన్న ఆఫీసుకే పంపి, ఇది మీరిచ్చిందేనా అని అడుగుతుంది. అంటే మీ చేతిలోని లెటర్ ఎంత అందంగా ఉన్నా, అవతల ఒక మనిషి జవాబు రాస్తేనే దానికి విలువ.

లెటర్ సంస్థ లెటర్‌హెడ్ మీద ఉండాలి, రెఫరెన్స్ నంబరు, తేదీ ఉండాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఎంప్లాయీ ఐడీ, హోదా, ఫుల్‌టైమా పార్ట్‌టైమా, చేరిన తేదీ, మానేసిన తేదీ రోజుతో సహా కావాలి. 'సుమారు మూడేళ్లు' అని రాసిన లెటర్ చెల్లదు. కింద సంతకం చేసినవారి పేరు, హోదా విడిగా టైపు చేసి ఉండాలి. ఆఫీసు ల్యాండ్‌లైన్, సంస్థ డొమైన్‌తో ఉన్న ఈమెయిల్ ఉండాలి. మామూలు జీమెయిల్ ఉంటే అనుమానిస్తారు. హోదా దగ్గర ఇంకోసారి చూడండి. చిన్న ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీ పని చేయించుకుని కాగితం మీద ఓటీ టెక్నీషియన్ అనో వార్డు ఇన్‌చార్జ్ అనో రాస్తారు. ఈఎంటీ లైసెన్సుకు ఆ లెటర్ పనికిరాదు. మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఏముందో అదే లెటర్‌లో రాయమని అడగండి. అపాయింట్‌మెంట్ ఆర్డరే తప్పుగా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోవాలి.

108వాళ్లకు సంస్థ పేరు దగ్గర ఇంకో మెలిక ఉంది. 2005 ఆగస్టు 15న ఈఎంఆర్ఐ పేరుతో మొదలైన సంస్థ తర్వాత జీవీకే ఈఎంఆర్ఐ అయింది, ఇప్పుడు ఈఎంఆర్ఐ గ్రీన్ హెల్త్ సర్వీసెస్. పాత ఆర్డర్ ఒక పేరుతో, కొత్త లెటర్ ఇంకో పేరుతో ఉంటే అవి రెండు ఉద్యోగాలుగా కనిపిస్తాయి. సంస్థ పేరు మారిందే గానీ సర్వీసు తెగలేదని లెటర్‌లోనే ఒక వాక్యం రాయించండి. కాంట్రాక్టు ఏజెన్సీ కింద ఆసుపత్రుల్లో చేసేవాళ్లకు ఆసుపత్రి ఒకటి, జీతం వేసేది ఇంకొకటి. ఇద్దరి దగ్గరా లెటర్లు తీసుకోండి. వీటికి తోడు ఈపీఎఫ్ పాస్‌బుక్, సర్వీస్ హిస్టరీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. లెటర్‌లోని తేదీలు పీఎఫ్ తేదీలతో కలవకపోతే కారణం మీకు ముందే తెలిసి ఉండాలి.

దరఖాస్తు పెట్టే వారమే హెచ్ఆర్ ఆఫీసుకు వెళ్లి, ఫలానా సంస్థ నుంచి మెయిల్ వస్తుంది, ఎవరు చూస్తారు అని అడగండి. ఆ మెయిల్ స్పామ్‌లో పడి ఉండిపోవడం వల్ల 'ధ్రువీకరించలేకపోయాం' అని రిపోర్టు వచ్చే కేసులుంటాయి. యూనివర్సిటీ పరీక్షల విభాగానికీ ఇదే మాట వర్తిస్తుంది. కొన్ని యూనివర్సిటీలు ధ్రువీకరణకు విడిగా ఫీజు కట్టించుకుంటాయి, అది కట్టేదాకా జవాబు రాదు. ఆసుపత్రి మూతపడి ఉంటే దరఖాస్తుకు ముందే డేటాఫ్లోకు ఆ సంగతి చెప్పి ఏ ఆధారాలు తీసుకుంటారో కనుక్కోండి.

108 నుంచి నోటీసు ఇవ్వకుండా మాయమైపోవద్దు. రేపు మీ గురించి జవాబు రాయాల్సింది ఆ ఆఫీసే. రాజీనామా ఇచ్చి, కిట్టూ ఐడీ అప్పజెప్పి, రిలీవింగ్ లెటర్ తీసుకుని బయటికి రండి. ఉద్యోగం మానేసి పరీక్షకు చదువుకుందామనే ఆలోచన కూడా మంచిది కాదు. వృత్తిలో విరామం రెండేళ్ల దాకా సాగితే అదనపు శిక్షణ అడిగే దేశాలున్నాయి.

దేశం, దరఖాస్తు, పరీక్ష

సౌదీకి అక్కడి కమిషన్ నడిపే ముమారిస్ ప్లస్ పోర్టల్‌లో ఖాతా తెరిచి వృత్తి వర్గీకరణకు దరఖాస్తు పెట్టాలి. ధ్రువీకరణ డేటాఫ్లోది, పరీక్ష ప్రోమెట్రిక్ అనే పరీక్షల సంస్థది. ఖతార్‌లో ఆరోగ్య శాఖ కిందున్న హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ విభాగం లైసెన్సు ఇస్తుంది. ఒమన్‌లో ఆ పరీక్ష మెడికల్ స్పెషాలిటీ బోర్డుది, బహ్రెయిన్‌లో ఆరోగ్య నియంత్రణ సంస్థ ఎన్‌హెచ్ఆర్ఏది. యూఏఈలో ఎమిరేట్‌ను బట్టి మారుతుంది. అబుదాబిలో ఆరోగ్య శాఖ పరీక్ష పియర్సన్ వ్యూ కేంద్రంలో రాస్తారు. దుబాయ్‌లో ఆసుపత్రి సిబ్బందిని దుబాయ్ హెల్త్ అథారిటీ (డీహెచ్ఏ) చూస్తుంది, అంబులెన్స్ సిబ్బంది లైసెన్సు మాత్రం దుబాయ్ అంబులెన్స్ కార్పొరేషన్ చేతిలో ఉంటుంది. ఈ తేడా తెలియక డీహెచ్ఏలో దరఖాస్తు పెట్టి ఫీజు పోగొట్టుకునేవాళ్లుంటారు. ప్రోమెట్రిక్, పియర్సన్ వ్యూ కేంద్రాలు రెండూ హైదరాబాద్‌లో ఉన్నాయి, పరీక్ష కోసం దేశం దాటాల్సిన పనిలేదు. ఒక దేశానికి చేయించిన డేటాఫ్లో రిపోర్టును ఇంకో దేశానికి బదిలీ చేయించుకునే వీలుంది, కాబట్టి రిపోర్టు నంబరు, లాగిన్ మీ దగ్గరే ఉండాలి. ఏజెంటు మీ పేరుతో తన ఈమెయిల్ పెట్టి ఖాతా తెరిస్తే రేపు మీ ఖాతా మీకే తెరుచుకోదు.

గల్ఫ్‌లో పరీక్ష పాసయ్యాక వచ్చే ఎలిజిబిలిటీ, అంటే అర్హత కాగితం, చేతికొస్తే లైసెన్సు అయిపోయినట్టు కాదు. ఉద్యోగమిచ్చే సంస్థ మిమ్మల్ని తన పేరు మీద రిజిస్టర్ చేస్తేనే లైసెన్సు పనిచేస్తుంది. ఎలిజిబిలిటీకి గడువుంటుంది, అందుకని ఉద్యోగ వేట పరీక్ష రాయకముందే మొదలుపెట్టండి.

బ్రిటన్ గురించి అడిగేవాళ్లకు ఒకటి సూటిగా చెప్పాలి. అక్కడ పారామెడిక్ అన్న పేరు చట్టం రక్షణలో ఉంది, ఆరోగ్య వృత్తులవాళ్లను నమోదు చేసే సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో ఉన్నవాళ్లే వాడాలి. 2021 సెప్టెంబరు నుంచి ఆ రిజిస్టర్‌లోకి వచ్చే కోర్సు స్థాయి డిగ్రీ. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా రావాలి. అంబులెన్స్ ట్రస్టులు డ్రైవింగ్ లైసెన్సులో సీ1 వర్గం, అంటే కారుకన్నా బరువైన బండ్లు నడిపే అర్హత, కూడా అడుగుతాయి. ఆస్ట్రేలియాలో పారామెడిక్స్ రిజిస్ట్రేషన్ 2018 డిసెంబరు 1న దేశమంతటా మొదలైంది, అదీ డిగ్రీ స్థాయే. అమెరికాలో రాష్ట్రాల లైసెన్సు, దానికి ఎక్కువ చోట్ల అక్కడి ఆమోదిత కోర్సే చేయాలి. డిప్లొమాతో ఈ మూడు దేశాల పేరు చెప్పి ఎవరైనా పైసలడిగితే ఇవ్వకండి.

పరీక్షకు ఏం చదవాలి

మన ఈఎంటీలకు ట్రామా, కాన్పు, పురుగుమందు కేసులు చేతి మీద ఉంటాయి. దెబ్బతినేది ఈసీజీ దగ్గర, మందుల డోసుల దగ్గర. బండిలో అనుమానం వస్తే ఫోన్‌లో 108 కాల్ సెంటర్‌లో ఉండే ఈఆర్‌సీపీ డాక్టర్‌ను అడిగి చేయడం మనకు అలవాటు. అక్కడ లిఖితపూర్వక ప్రొటోకాల్ ప్రకారం మీరే నిర్ణయించాలి, పరీక్ష కూడా ఆ తీరులోనే అడుగుతుంది.

ఇలాంటి ప్రశ్న ఒకటి చూడండి. 58 ఏళ్ల మనిషికి ఛాతీ నొప్పి, చెమటలు. బీపీ 84/50. ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ లేచి ఉంది. తర్వాత ఏం చేస్తారు? ఇచ్చిన నాలుగు జవాబుల్లో నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఒకటి. ఛాతీ నొప్పి అనగానే చేయి దాని మీదికి పోతుంది. ఇది గుండె కింది గోడకు వచ్చిన పోటు, కుడి వైపు కూడా దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు నైట్రో ఇస్తే బీపీ ఇంకా కూలుతుంది. కుడి వైపు లీడ్ వీ4ఆర్ తీసి చూడటం, ఊపిరితిత్తులు పొడిగా ఉంటే సెలైన్ ఎక్కించడం సరైన దారి. ప్రశ్నలో ఇచ్చిన బీపీ ఊరికే ఇవ్వరు.

అంకెలు నోటికి రావాలి. పెద్దవాళ్ల సీపీఆర్‌లో నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30:2. పిల్లలకు ఇద్దరు రక్షకులుంటే 15:2, అప్పుడే పుట్టిన శిశువుకు 3:1. గుండె ఆగినప్పుడు అడ్రినలిన్ 1 మి.గ్రా., 3 నుంచి 5 నిమిషాలకోసారి. పిల్లలకు కిలోకు 0.01 మి.గ్రా. షాక్‌కు లొంగని లయకు అమియోడరోన్ మొదట 300, తర్వాత 150 మి.గ్రా. పెద్దవాళ్ల అనాఫిలాక్సిస్‌లో అడ్రినలిన్ 0.5 మి.గ్రా. తొడ కండలోకి. అట్రోపిన్ దగ్గర మనవాళ్లు తడబడతారు, కారణం ఉంది. పత్తి చేలల్లో పురుగుమందు తాగిన కేసుల్లో స్రావాలు ఆరేదాకా డోసు పెంచుకుంటూ పోవడం చూసి ఉంటాం. గుండె నెమ్మదించిన కేసులో అలా కాదు, ఒక్కో డోసు 1 మి.గ్రా., మొత్తం 3 మి.గ్రా. దగ్గర ఆగాలి.

మందుల పేర్లు అమెరికా పద్ధతిలో రావచ్చు. అడ్రినలిన్ ఎపినెఫ్రిన్ అవుతుంది, సాల్బ్యుటమాల్ ఆల్బ్యుటెరాల్, పారాసిటమాల్ ఎసిటమినోఫెన్, జైలోకెయిన్ లిడోకెయిన్. షుగర్ విలువ మిల్లీమోల్‌లో ఇస్తే 18తో గుణించండి, 3.9 అంటే మన 70. వడదెబ్బ, నీళ్లలో మునగడం, ఎక్కువ మంది గాయపడినప్పుడు ఎవరిని ముందు చూడాలో తేల్చే స్టార్ట్ ట్రయాజ్ వదలకుండా చదవండి.

గుండె ఆగినప్పటి చికిత్స శిక్షణకు ఇచ్చే బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ కార్డులు అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌వి రెండేళ్లే చెల్లుతాయి. ట్రామా శిక్షణకు ఇచ్చే పీహెచ్‌టీఎల్ఎస్ కార్డు నాలుగేళ్లు. కోడ్ కొడితే ఆన్‌లైన్‌లో మీ పేరు రావాలి. రాని కార్డు ఎంత రంగుగా ఉన్నా అది కాగితమే. ఇంకొకటి, ఇక్కడ బండి నడిపేది పైలట్, మనం వెనక ఉంటాం. చాలా దేశాల్లో ఇద్దరూ వంతులవారీగా నడుపుతారు. కారు లైసెన్సు లేనివాళ్లు ఈ ఏడాదే తీసుకుని చేయి తిప్పుకోండి.

అటెస్టేషన్, పోలీసు క్లియరెన్స్, మెడికల్

సౌదీ, ఒమన్, బహ్రెయిన్ కాగితాల ధ్రువీకరణపై హేగ్ ఒప్పందంలో ఉన్నాయి, వాటికి మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. సౌదీకి ఇది 2022 డిసెంబరు 7 నుంచి మొదలైంది. ఇంకా ఎంబసీ ముద్ర కావాలని పైసలడిగే ఏజెంట్లున్నారు, జాగ్రత్త. యూఏఈ, ఖతార్, కువైట్‌లకు రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఆ దేశ ఎంబసీ వరుసగా ముద్రలు పడాలి. విదేశాంగ శాఖ అపోస్టిల్ ఫీజు కాగితానికి 50 రూపాయలు, దరఖాస్తు తీసుకునే సంస్థల చార్జీ దానికి అదనం. వేలల్లో అడిగితే దేనికెంతో రాయించి రసీదు తీసుకోండి.

పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో పెట్టాలి, ఫీజు 500. పాత అడ్రస్ మీద వెరిఫికేషన్‌కు వచ్చినప్పుడు మీరు లేకపోతే ఆలస్యమవుతుంది, డ్యూటీ చూసుకుని పెట్టండి. గల్ఫ్ మెడికల్ పరీక్షను వఫీద్ అనే ఆన్‌లైన్ సైట్ ద్వారా బుక్ చేసుకుని అందులో కేటాయించిన సెంటర్‌కే వెళ్లాలి. చిన్నప్పుడు టీబీ వచ్చి ఎక్స్‌రేలో మచ్చ మిగిలినవాళ్లు ముందే బయట ఒక ఎక్స్‌రే తీయించి ఛాతీ వైద్యుడిని కలవండి. ఆ మచ్చతో అన్‌ఫిట్ చేస్తారు. హెపటైటిస్ బి, సి కూడా చూస్తారు. రక్తంతో పనిచేసేవాళ్లం కాబట్టి ఇది ముందే చేయించుకోవడం ఎలాగూ అవసరమే. ఇవన్నీ అయ్యాకే మిగతా ఖర్చు పెట్టండి.

ఏజెంటు, కాంట్రాక్టు

విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ సైట్‌లో ఏజెంటు పేరు, లైసెన్సు చెల్లుబాటు చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, జీఎస్టీతో 35,400 దాటకూడదు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా హైదరాబాద్‌లో నియామకాలు చేస్తుంది, ముందు అక్కడ అడగండి. విజిట్ వీసా మీద రమ్మని, వచ్చాక మారుస్తామనే మాటకు తలూపకండి. లైసెన్సు లేకుండా రోగి మీద చేయి వేస్తే కేసు మీ మీద పడుతుంది, మిమ్మల్ని పంపినవాడి మీద కాదు.

ఆఫర్‌లో మొత్తం జీతం కాదు, బేసిక్ ఎంతో చూడండి. యూఏఈలో సర్వీసు చివర వచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్కేస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. ఐదు వేల దిర్హామ్‌ల జీతంలో బేసిక్ పదిహేను వందలే రాస్తే ఆ నష్టం మీకు చివర్లో తెలుస్తుంది. హోదా గడిలో పారామెడిక్ అనో ఈఎంటీ అనో ఉండాలి. హెల్పర్, డ్రైవర్ అని ఉంటే సంతకం చేయకండి. వీసా, రిక్రూట్‌మెంట్ ఖర్చు యూఏఈ చట్టం ప్రకారం యజమానిదే.

వెళ్లేటప్పుడు బ్యాగులో పెట్టుకునే మాత్రలు కూడా చూసుకోండి. ట్రామడాల్, కోడిన్ ఉన్న దగ్గు మందు ఇక్కడ సులువుగా దొరికినా యూఏఈలో నియంత్రణలో ఉన్న మందులు, అనుమతి లేకుండా దొరికితే జైలుకు పోవాల్సి వస్తుంది. నడుం నొప్పికనో దగ్గుకనో తెలిసినవాళ్లిచ్చిన స్ట్రిప్ బ్యాగులో ఉంటే తీసేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చెక్-ఇన్ సామానులో వేయకండి, చేతి సంచిలోనే ఉంచుకోండి. అన్నింటి స్కాన్ కాపీలు ఇంట్లో ఒకరి దగ్గర, మీ మెయిల్‌లో ఒక సెట్టు ఉంచండి. అక్కడ సంస్థ ఒరిజినళ్లు తీసుకుంటే ఏ కాగితం, ఏ తేదీన తీసుకున్నారో రాసిన రసీదు తీసుకోండి.